వడగట్టు గుడ్డయు, చెత్తబుట్టయు

బళ్లారిలో నున్నను, బరంపురములో నున్నను, షోలాపురములో నున్నను, యానాములో నున్నను, ఆచారము నిలుపుకొన్న జైన గృహస్థుని వంటింటిలో ఒక వస్తువు కంటబడును. అది నీళ్ల బిందె మీద పరచిన వడగట్టు గుడ్డ. ఇంటికి వచ్చిన కోడలు మొదట నేర్చుకొను పనులలో నీరు వడగట్టుట ఒకటి. గుడ్డ చిక్కగా నుండవలెను; రెండు మడతలుగా వేయవలెను; బిందె మూతి కన్న పెద్దదిగా నుండవలెను; చిరుగు పడినచో మార్చవలెను. ఇంతవరకు అందరికిని తెలిసినదే.

అయితే ఈ పద్ధతిలో రెండు భాగములున్నవి. నీటిని గుడ్డ మీద పోసి క్రింద శుద్ధమైన నీటిని పట్టుకొనుట మొదటి భాగము. గుడ్డ పైన నిలిచిన కంటికి కనబడని జీవులను వడగట్టిన నీటితోనే మెల్లగా కడిగి, ఆ నీటిని తిరిగి అదే బావిలోనికో చెరువులోనికో నెమ్మదిగా దింపుట రెండవ భాగము. దీనికే 'జీవాని' యని పేరు. మొదటి భాగము త్రాగువాని కొరకు, రెండవ భాగము ఆ జీవి కొరకు. వేరొక బావిలో పోయరాదు, ఎండిన నేల మీద పోయరాదు, ఎత్తు నుండి విసరివేయరాదు. ఏ నీటి నుండి వచ్చినదో ఆ నీటికే చేరవలెను.

పట్టణములలో కొళాయిలు వచ్చిన తరువాత రెండవ భాగము జారిపోయినది. గుడ్డ నిలిచినది, బావి పోయినది. కొళాయి మూతికి చిన్న గుడ్డసంచి కట్టి నీరు పట్టుకొను ఇండ్లు నేటికిని ఉన్నవి. కాని ఆ సంచిని కడిగిన నీరు సింకులో పడి మురుగు కాలువకు పోవుచున్నది. ఇందులో ఇల్లాలి దోషమేమియు లేదు. గొట్టములోనికి జీవాని దింపుట ఎవరి తరము? అయినను ఒక్క నీటి విషయములో జరిగిన ఈ మార్పు ఇంటిలోని సమస్త వస్తువుల విషయములోను జరిగినది. లోనికి వచ్చు దానిపై కాపలా గట్టిగానే నిలిచియున్నది. కూరగాయను కోసి చూచుచున్నారు, పప్పును ఏరుచున్నారు, పిండి ఎన్నాళ్ల క్రిందటిదో లెక్క చూచుచున్నారు. బయటికి పోవు దానిని అడుగువారు లేరు. గుమ్మము దాటినంతనే అది మున్సిపాలిటీ వారిదైపోవుచున్నది.

శాస్త్రము మాత్రము బయటికి పోవు దానిని మరువలేదు. తత్త్వార్థసూత్రము తొమ్మిదవ అధ్యాయములో చెప్పిన ఐదు సమితులలో కడపటిది ఉత్సర్గ సమితి. మలమూత్రములు మొదలుకొని పనికిరాని వస్తువు దేనినైనను జీవులు లేని చోటు చూచి, ఎవరికిని బాధ కలుగకుండ విడువవలెనని దాని భావము. శ్వేతాంబరులు దీనినే పారిష్ఠాపనికా సమితి యందురు. ఇది సాధువుల నియమమే గాని గృహస్థుని నియమము కాదని కొందరు అనవచ్చును. కాని గృహస్థునికి చెప్పిన గుణవ్రతములలో అనర్థదండ విరతి యొకటి కలదు. సమంతభద్రాచార్యుల రత్నకరండక శ్రావకాచారములో పని లేకుండ నేల త్రవ్వుట, నీరు చిందించుట, నిప్పు రగుల్చుట, చెట్టు త్రుంచుట ప్రమాదచర్యగా లెక్కింపబడినవి. పని కొరకు జరిగిన హింసను పూర్తిగా తప్పించుకొనుట గృహస్థునికి సాధ్యము కాదు. పని లేని హింసను తప్పించుకొనవచ్చును గదా యనుటయే దాని ఉద్దేశము. నేటి చెత్తబుట్టలో పడుచున్న దానిలో ఎక్కువ భాగము ఈ రెండవ జాతికే చెందును.

1990 అక్టోబరు 23వ తేదీన లండనులోని బకింగ్‌హామ్ ప్యాలెస్‌లో, డాక్టరు ఎల్. ఎం. సింఘ్వీగారు రచించిన 'ప్రకృతిని గూర్చిన జైన ప్రకటన' అను పత్రము ప్రిన్సు ఫిలిప్‌నకు సమర్పింపబడినది. నేల, నీరు, నిప్పు, గాలి, చెట్టు అన్నింటను జీవమున్నదని నమ్మిన సంప్రదాయము ప్రకృతి రక్షణకు ఎట్లు ఉపకరించునో ప్రపంచమునకు చెప్పుటకై అది వెలువడినది. ప్రపంచము విన్నది. ఇంటిలోని చెత్తబుట్టకు ఆ సంగతి ఇంకను చేరవలసియున్నది.

దుకాణపు కవరు

వర్తక కుటుంబములలో ఇంటి చెత్త కన్న దుకాణపు చెత్తయే ఎక్కువ. దానిలోను ముఖ్యమైనది ప్లాస్టిక్ కవరు. గోశాలకు ఏటేట చందా వ్రాయు వర్తకుని గల్లా ప్రక్కనే కవర్ల కట్ట వ్రేలాడుచుండుట ఏ బజారులోనైనను కనబడును. ఈ రెంటికి నడుమ సంబంధమును తిన్నగా చూచినవారు తక్కువ.

ఆవునకు పై దవడ ముందు భాగములో పండ్లు లేవు. అది మేతను కొరికి ఏరుకొని తినదు. నాలుకతో చుట్టి లాగి, నమలకయే మ్రింగి, తరువాత తీరికగా నెమరు వేయును. కాబట్టి కవరులో ముడివేసిన అన్నమును గాని, కూరగాయల తొక్కలను గాని ముడి విప్పి తినుట దానికి రాదు. వాసన పట్టి కవరుతో సహా మ్రింగును. నెమరు సంచిలోనికి చేరిన ప్లాస్టిక్ అరగదు, ముందుకు పోదు, వెనుకకు రాదు. సంవత్సరముల తరబడి ఒకదానితో నొకటి పెనవేసికొని గట్టి ముద్ద యగును. చూచువారికి కడుపు నిండినట్లే యుండును. లోపల మేతకు చోటు లేక ఆవు ఆకలితో కృశించిపోవును. పాలు తగ్గును, తరువాత లేవలేదు. మేకులు, సూదులు, తీగముక్కలు మ్రింగినచో మరియొక రీతి. అవి నెమరు సంచి ముందరి అరలో నిలిచి, గోడను చీల్చుకొని గుండె వరకు పోవుటయు కలదు. గుడ్డల దుకాణములో చొక్కాకు గ్రుచ్చిన గుండుసూదులు, పెట్టెలకు చుట్టిన ఇనుపతీగలు ఊడ్చి వీధిలో పోయుట ఎంత పని చేయునో దీనిని బట్టి తెలిసికొనవచ్చును.

ఇది ఊహించి చెప్పు మాట కాదు. పుట్టపర్తిలోని కరుణ సొసైటీ వారు వీధి పశువులకు శస్త్రచికిత్స చేసి, కడుపులనుండి పదుల కిలోల ప్లాస్టిక్‌ను బయటికి తీసిరి. వారే మరికొందరితో కలిసి 2012లో ఈ విషయమై సుప్రీంకోర్టులో వ్యాజ్యము వేసిరి. ఆ యేడే 'ప్లాస్టిక్ ఆవు' అను అర్థము గల పేరుతో ఇంగ్లీషున ఒక చిత్రము కూడ వెలువడినది. ఆ శస్త్రచికిత్సల దృశ్యమును ఒకసారి చూచినవారు కవరుకు ముడి వేయునపుడు ఆగక మానరు.

చట్టములు రాకపోలేదు. కర్ణాటకలో 2016లోను, మహారాష్ట్రలో 2018 మార్చిలోను, ఒడిశాలో 2018 అక్టోబరు 2 నుండి బరంపురము మొదలైన ఆరు పట్టణములలోను, తమిళనాట 2019 జనవరి 1 నుండియు నిషేధములు వచ్చినవి. 2022 జూలై 1 నుండి ఒక్కసారి వాడి పారవేయు కొన్ని ప్లాస్టిక్ వస్తువులు దేశమంతట నిషేధింపబడినవి. కవరు మందము 2021 సెప్టెంబరు 30 నుండి 75 మైక్రాన్లకును, 2022 డిసెంబరు 31 నుండి 120 మైక్రాన్లకును తగ్గరాదని నియమము చేసిరి. వర్తకులలో చాలమంది దీనిని జుల్మానా విషయముగానే చూచిరి. తనిఖీ వచ్చు రోజున కట్టను లోపల పెట్టుట, పోయిన తరువాత పైకి తీయుట జరుగుచున్నది. మందము పెరిగినందువలన కవరు మరల వాడుకకు పనికివచ్చు ననుట నిజమే, ఏరుకొనువారు కూడ దానిని విడువరు. కాని ఆవు కడుపులోనికి పోయిన తరువాత 50 మైక్రాన్లయినను ఒకటే, 120 మైక్రాన్లయినను ఒకటే.

పూర్వము కిరాణా దుకాణములో కవరు లేకయే వ్యాపారము సాగినది గదా. కాగితపు పొట్లము, పై దూలమునుండి వ్రేలాడు పురికొస ఉండ, కొనువాని చేతిసంచి – ఇవియే సరంజామా. అదే పద్ధతిని మరల పట్టుకొనవచ్చును. అయితే తినుబండారములను అచ్చుపడిన వార్తాపత్రికలో కట్టుట మంచిది కాదు. సిరాలోని పదార్థములు ఆహారమున కంటునని జాతీయ ఆహార భద్రతా సంస్థ 2016లోనే హెచ్చరించినది. అచ్చు లేని ఖాకీ కాగితము వాడవలెను. తమిళనాట పెండ్లిళ్లలో తాంబూలముతో ఇచ్చు పసుపు గుడ్డసంచి పాత ఆచారమే. 2021 డిసెంబరు 23న ఆ ప్రభుత్వము పసుపు సంచిని మరల వాడుకలోనికి తెచ్చు ఉద్యమమును మొదలుపెట్టినది. వెల్లూరు, హోసూరు ప్రాంతములలోని తెలుగు కుటుంబములకు ఆ సంచి చిన్ననాటి నుండి ఎరుకయే.

ఇక్కడ ఒక మాట చెప్పవలసియున్నది. గుడ్డసంచి మంచిదని ప్రతి పండుగకు, ప్రతి వార్షికోత్సవమునకు పేరు అచ్చు వేయించి వందల సంచులు పంచుచున్నారు. ఇంటింట ఇరువది సంచులు మూల పడియున్నవి. ప్రత్తి పండించుటకు నీరు కావలెను, మందులు కావలెను, అద్దకమునకు రంగులు కావలెను. ఒక సంచి అనేక పర్యాయములు వాడినప్పుడే ఆ ఖర్చు చెల్లును. వాడని ఇరువది సంచులు పరిగ్రహమే యగును గాని అపరిగ్రహము కాదు. గుడ్డల వర్తకుల వద్ద మిగిలిన బిట్లతోను, పాత చీరలతోను కుట్టించినచో క్రొత్త బట్ట అక్కర లేదు. కొనువారు సంచి తేవడము మరచినపుడు కొంత సొమ్ము ఉంచుకొని సంచి ఇచ్చి, తిరిగి తెచ్చినప్పుడు సొమ్ము ఇచ్చివేయుట మంచి ఏర్పాటు. మొదటి నెల రోజులు గిరాకీ గొణుగును. "సంచి తెచ్చినారా?" అని సామాను తూచుటకు ముందుగా అడుగుట అలవాటైన దుకాణములో, తూచిన తరువాత తగవు రాదు.

పళ్లెములో మిగిలినది

భోజనమైన తరువాత పళ్లెమును నీటితో కడిగి, ఆ నీటిని త్రాగివేయు అలవాటు పెద్దలలో నేటికిని కలదు. బయటివారు దీనిని పిసినారితన మనుకొందురు. ఎంగిలి నిలువయున్న చోట ఒక ముహూర్తము, అనగా 48 నిమిషములు గడచునప్పటికి జీవోత్పత్తి జరుగునని నమ్మిక యుండుటచే, ఎంగిలిని మిగులనీయకుండుటయే ఆ అలవాటునకు మూలము. నేటి శాస్త్రము మరియొక దారిలో అదే చోటికి వచ్చినది. తడి చెత్త గాలి చొరని పెద్ద కుప్పలో పూడుకొని క్రుళ్లునపుడు మీథేను అను వాయువు పుట్టును. నూరేండ్ల లెక్కన చూచినచో అది బొగ్గుపులుసు వాయువు కన్న సుమారు 28 రెట్లు ఎక్కువగా భూమిని వేడి చేయును. ఐక్యరాజ్య సమితి పర్యావరణ సంస్థ 2024లో ప్రకటించిన నివేదిక ప్రకారము 2022లో ప్రపంచములో వ్యర్థమైన ఆహారము సుమారు 105 కోట్ల టన్నులు. అందులో సగమునకు పైగా ఇండ్లలోనే పోయినది.

పళ్లెము కడిగి త్రాగుట పిల్లలు ఒప్పుకొనకపోవచ్చును. దానికి ముందు మెట్టు ఉన్నది: తక్కువ వడ్డించుకొని మరల అడుగుట. పప్పుధాన్యములను నెలలకు సరిపడ కొని పురుగు పట్టించి, తరువాత ఎండలో పోసి జీవహింస చేయుట కంటె, కొంచెము కొంచెముగా కొనుట మేలు. నిలువ చేయక తప్పనిచో పప్పులకు ఆముదము పట్టించుట, డబ్బాలో ఎండిన వేపాకు వేయుట తెలుగిండ్లలో ఎరిగిన పద్ధతులు. పురుగు పుట్టిన తరువాత చంపు మందు కన్న, పుట్టకుండ చేయు ఆకు మంచిది.

ఇన్ని చేసినను కూరగాయల తొక్కలు మిగులును. వీటితో ఎరువు చేయుమని నేడు అందరును చెప్పుచున్నారు. జైన కుటుంబములకు ఇక్కడ ఒక నిజమైన సంకటము కలదు. ఎరువు గుంటలో పురుగులు పుట్టును, వానపాములు చేరును. దానిని కలియబెట్టినపుడు కొన్ని చచ్చును. పుట్టించి చంపుట కన్న మున్సిపాలిటీ బండిలో వేయుటయే నయమని కొందరు పెద్దల అభిప్రాయము. ఈ అభిప్రాయమును తేలికగా త్రోసివేయరాదు. దాని వెనుక నున్నది సోమరితనము కాదు, దయయే. కాని బండిలో వేసిన తొక్కలకు ఏమగునో కూడ చూడవలెను. అవి ప్లాస్టిక్‌తో కలిసి కుప్పగా పోయబడును. పురుగులు అక్కడను పుట్టును, ఇంటి గుంటలో కన్న అనేక రెట్లు పుట్టును; ఆపైన ఆ కుప్పకు నిప్పు అంటుకొనుటయు, యంత్రములు దానిని త్రొక్కుటయు జరుగును. హింస కంటికి దూరమైనదే గాని తగ్గలేదు.

దీనికి నడుమ దారి యొకటి కలదు. మొదట చెత్త తగ్గించుట. రెండవది, తాజా తొక్కలను అదే పూట, కవరు లేకుండ, ఒక బుట్టలో దగ్గరలోని పశువుల పాకకు చేర్చుట. బరంపురము, రాయగడ వంటి ఊళ్లలో ఇది కష్టము కాదు. మూడవది, మిగిలిన దానిని పలుచగా పరచి ఎండబెట్టి, పెరటిలో నీడ నున్న గుంటలో వేసి, ఎండుటాకులు కప్పి కదపకుండ వదలివేయుట. కలియబెట్టని ఎరువు ఆలస్యముగా తయారగును. అందులో చేరిన జీవి తన బ్రతుకు తాను బ్రతుకును. తొందర లేని ఇంటికి ఇది చాలును. పెరడు లేని అపార్టుమెంటులో ఉన్నవారు తడి చెత్తను పొడి చెత్తతో కలుపకుండ వేరుగా ఇచ్చినను సగము పని జరిగినట్లే. వేరు చేసి ఇచ్చిన తడి చెత్తనే ఎరువు చేయుటకు వీలగును. కలిసిన చెత్త దేనికిని పనికిరాదు.

కాలువ లోనికి పోవు నీరు

ఒక వర్తకుని ఇంటిలో కొళాయి సెకనుకు ఒక చుక్క చొప్పున కారుచున్న దనుకొందము. 20 చుక్కలు ఒక మిల్లీలీటరు. దినమునకు 86,400 సెకనులు. అనగా దినమునకు నాలుగు లీటర్లకు పైగా, సంవత్సరమునకు 1,500 లీటర్లకు పైగా. నీటిబొట్టును జీవముగా ఎంచి వడగట్టు ఇంటిలో ఈ లెక్క నడచుచుండును. దానిని ఆపునది రబ్బరు వాషరు. వెల చాల స్వల్పము. పండ్లు తోముకొనుచు కొళాయి విప్పి ఉంచినచో నిమిషమునకు ఆరు లీటర్ల చొప్పున మూడు నిమిషములలో 18 లీటర్లు పోవును. చెంబుతో అయినచో ఒక లీటరు పని.

నీటిని శుద్ధి చేయు ఆర్.ఓ. యంత్రము పెట్టుకొన్నవారు దాని వెనుక గొట్టమును చూడవలెను. ఇండ్లలోని చాల యంత్రములలో ఒక లీటరు మంచినీటికి రెండు మూడు లీటర్లు వృథాగా కాలువకు పోవును. ఆ నీటిని బకెట్టులో పట్టి నేల తుడుచుటకు, మరుగుదొడ్డికి వాడవచ్చును. ఉప్పు ఎక్కువ గనుక మొక్కలకు రోజూ పోయుట మంచిది కాదు. మున్సిపాలిటీ నీరు తియ్యగానే ఉన్న ఊరిలో ఆ యంత్రమే అక్కరలేదు; వడగట్టి కాచిన నీరు చాలును.

కాలువ ఎక్కడికి పోవునో తెలిసికొనుట కూడ యతనలో భాగమే. బెంగుళూరు బెళ్లందూరు చెరువులో మురుగుతోపాటు సబ్బుపొడుల నురుగు మేడలంత ఎత్తు లేచినది. 2015లోను, 2017లోను, 2018లోను ఆ చెరువులో మంటలు కూడ లేచినవి. నీటిలో నిప్పు పుట్టుట కథలలో వినవలసిన మాట. బట్టలకు అవసరమైన దాని కన్న రెట్టింపు పొడి వేయుట అన్ని ఇండ్లలో ఉన్నదే. సగము వేసి చూచినచో బట్ట తెలుపు తగ్గదు. పైపెచ్చు రెండుసార్లు జాడించు నీరు మిగులును.

శ్రావకుడు మానవలసిన పదునైదు కర్మాదానములలో 'సరఃశోషణ' యొకటి – చెరువులను, మడుగులను ఎండగట్టి లాభము పొందుట. నేడు చేదతో చెరువు ఎండగట్టువాడు లేడు. పాత ఇంటి రాయి, సిమెంటు పెళ్లలు తెచ్చి చెరువు శిఖములో పోయించుట, ఆ మెరకలో గోడౌనుకు చోటు కొనుట కలదు. 2015 డిసెంబరులో చెన్నపట్టణము మునిగినప్పుడును, 2019 వేసవిలో అదే పట్టణమునకు త్రాగునీరు కరువైనప్పుడును చెరువుల మాట అందరికిని జ్ఞాపకము వచ్చినది. స్థలము కొనుటకు ముందు పాత రెవెన్యూ పటములో అది చెరువా, కాలువా, పోరంబోకా అని చూచుట వ్యాపారమునకు కూడ క్షేమకరము.

రాత్రి వెలుతురు

సూర్యాస్తమయమునకు ముందే భోజనము ముగించు నియమము దీపమునకు మూగు పురుగుల మీది దయతో గూడినది. ఆ నియమమును తప్పక పాటించు ఇంటివారి దుకాణపు బోర్డు తెల్లవారువరకు వెలుగుచుండుట విచిత్రము. 20 వాట్ల దీపములు పది, రాత్రి తొమ్మిది నుండి ఉదయము ఆరు వరకు వెలిగినచో రాత్రికి 1.8 యూనిట్లు, సంవత్సరమునకు 657 యూనిట్లు. ఈ దేశములో విద్యుత్తు ఎక్కువ భాగము బొగ్గుతోనే పుట్టుచున్నది. అట్టి యూనిట్టు ఒకదానికి సుమారు 700 గ్రాముల బొగ్గు కావలెను. మొత్తము మీద 450 కిలోలకు పైగా బొగ్గు. అంగారకర్మను నిషిద్ధముగా ఎంచి బొగ్గు వ్యాపారము జోలికి పోని కుటుంబము, మూసిన షట్టరు ముందు ఇంత బొగ్గు తగులబెట్టుచున్నది. తెల్లవారి బోర్డు క్రింద రెక్కల పురుగులను చీపురుతో ఎత్తువాడు పనిపిల్లవాడు గనుక యజమాని వాటిని చూడడు. షట్టరు దించునపుడే బోర్డు ఆర్పుటకు ఒక స్విచ్చి చాలును. కాపలా కొరకు దీపము తప్పనిచో, నీలము కలిసిన తెల్లని దీపము కన్న పసుపుపచ్చని దీపమునకు పురుగులు తక్కువగా మూగును.

పెండ్లి పందిరి

సంవత్సరమంతయు కూడబెట్టిన జాగ్రత్త ఒక్క పెండ్లిలో కొట్టుకొనిపోవును. అయిదువందల మంది భోజనములో మనిషికి నాలుగు చిన్న నీళ్ల సీసాల చొప్పున రెండువేల సీసాలు. సగము త్రాగి సగము వదలివేసినవే ఎక్కువ. ఇత్తడి గంగాళములో వడగట్టిన నీరు పోసి, గ్లాసులు కడుగుటకు నలుగురిని పెట్టినచో ఆ నలుగురికి కూలి దొరకును, రెండువేల సీసాలు తప్పును. విస్తళ్ల విషయములో తెలుగువారు స్థిరపడిన ప్రతి ప్రాంతమునకు ఒక ఆకు కలదు: ఒడిశా సరిహద్దులో అడ్డాకు, తమిళనాట అరటియాకు, కర్ణాటకములో పోకచెట్టు మట్ట. పైకి ఆకువలె కనబడుచు లోపల ప్లాస్టిక్ పొర అంటించిన పళ్లెములు వచ్చినవి. కాగితపు గ్లాసులలోను ఆ పొరయే ఉన్నది. గోరుతో గీరి చూచి కొనవలెను. వంటకముల సంఖ్య తగ్గించుమనుట మాత్రము వియ్యాలవారి ముందు ఎవరికిని నోరు రాని మాట. ఆ మాట సంఘము తీర్మానముగా చేసినచో ఒక్కని మీద పడదు.

వాడిన బ్యాటరీలు, పగిలిన ట్యూబులైట్లు, గడువు దాటిన మందులు చెత్తలో గాని కాలువలో గాని వేయరాదు. పాత ట్యూబులలో పాదరసము కలదు. వీటిని వేరొక డబ్బాలో చేర్చి తీసికొనువారికే ఈయవలెను.

ఇన్నింటిని ఒక్కసారి పట్టుకొన్న ఇల్లు పదినాళ్లలో వదలివేయును. పర్యూషణములోని ఎనిమిది దినములో, దశలక్షణ పర్వములోని పది దినములో, ప్రతి సాయంకాలము ఇంటి చెత్తబుట్టను, దుకాణపు చెత్తబుట్టను తూచి, తడి ఎంత, పొడి ఎంత, కవర్లు ఎన్ని యని వ్రాసికొనుట మొదటి పనిగా పెట్టుకొనవచ్చును. పాఠశాల పిల్లలకు ఈ పని అప్పగించినచో వారు లెక్క తప్పనీయరు, పెద్దలను తప్పించుకొననీయరు. తూచుటకు దుకాణపు కాటా చాలును. వ్రాయుటకు నిరుటి పద్దు పుస్తకములో మిగిలిన తెల్ల కాగితములు చాలును.